పాదానికి తగ్గ చెప్పు: చర్మకార వృత్తిలో క్యాడ్, పీఎం విశ్వకర్మ సాయం
తెలుసుకోండి - పదిమందికి పంపండి

ఈ సమాచారం ఎవరి కోసం?

మీరు చెప్పులు, బూట్లు కుట్టే పని చేస్తున్నారా? మీ నాన్నగారో, అన్నయ్యో ఆ పనిలో ఉండి, మీకు కంప్యూటర్ కొంచెం తెలుసా? అయితే ఇది మీ కోసమే. కంప్యూటర్‌లో కాలి అచ్చు, ఇన్‌సోల్ తయారుచేసే విధానం ఏమిటి, దాన్ని నేర్చుకుని పని మొదలుపెట్టడానికి పీఎం విశ్వకర్మ పథకం ఎంతవరకు ఆదుకుంటుంది, ఎక్కడ ఆదుకోదు అన్నది ఇందులో వివరంగా ఉంది. ఫోన్‌లో ఉంచుకోండి. ఒకేసారి చదవలేకపోతే రెండు మూడు సార్లు చదవండి.

అవసరం ఎక్కడుంది?

రెడీమేడ్ చెప్పులు వచ్చాక కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు, రిపేర్ల మీదే బతుకుతున్నాం అని మీలో చాలామంది అంటుంటారు. ఆ మాట నిజమే. కానీ రెడీమేడ్ చెప్పు పనికిరాని పాదాలు మన చుట్టూ చాలా ఉన్నాయి. ఆ పాదాలకు సరైన చెప్పు దొరక్క కాలు పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. చెప్పు ఒరుసుకున్నా, రాయి గుచ్చుకున్నా, మేకు దిగినా నొప్పి తెలియదు. నొప్పి తెలియదు కాబట్టి అదే చోట అడుగు వేస్తూనే ఉంటారు. చిన్న పుండు పెద్దదవుతుంది, చీము పడుతుంది, చివరికి వేలో పాదమో తీసేయాల్సి వస్తుంది. కుష్ఠు వ్యాధి వచ్చి తగ్గినవాళ్లలోనూ ఇదే ఇబ్బంది ఉంటుంది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ చాలా ఏళ్ల కిందటే ఈ విషయం గట్టిగా చెప్పారు. వేళ్లు, పాదాలు పాడైపోయేది జబ్బు నేరుగా తినేయడం వల్ల కాదని, స్పర్శ లేని చోట పదే పదే దెబ్బ, ఒత్తిడి పడటం వల్లేనని ఆయన చూపించారు. ఒత్తిడి తగ్గించే మెత్తని ఎంసీఆర్ రబ్బరు చెప్పుల వాడకం ఆ అవగాహనతోనే పెరిగింది. కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద అవసరమైనవారికి ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారా ఈ చెప్పులు ఉచితంగానే ఇస్తారు.

పోలియో వల్ల ఒక కాలు చిన్నదైనవాళ్లు, ప్రమాదంలో వేళ్లు పోయినవాళ్లు, చప్పిడి పాదాలవాళ్లు కూడా ఉన్నారు. వీళ్లందరికీ కావాల్సింది దుకాణంలో ఉన్న సైజు కాదు, వాళ్ల పాదం. ఆ పాదాన్ని ఒకసారి కొలిచి కంప్యూటర్‌లో పెట్టుకుంటే, ఆ మనిషికి రేపు ఇంకో జత కావాలన్నా ఫైలు తెరిస్తే చాలు. పాదం మారిందేమో చూసుకుని పని మొదలుపెట్టొచ్చు. క్యాడ్ వల్ల మీకు వచ్చే అసలు లాభం ఇదే. అంతేగానీ క్యాడ్ మీ చేతిని తీసేయదు. తోలు లాగడం, అంచు పలచన చేయడం, కుట్టు వేయడం మీరే చేయాలి.

రెండు మాటలు ముందుగా

లాస్టు అంటే కాలి అచ్చు. దాని మీద పైతోలు లాగి బూటు కడతారు. చెక్కదో, గట్టి ప్లాస్టిక్‌దో ఉంటుంది.

ఇన్‌సోల్ అంటే చెప్పు లోపల, పాదం కింద ఉండే మెత్త. మామూలు చెప్పులో అది చదునుగా ఉంటుంది. పాదానికి తగ్గట్టు చేసిన ఇన్‌సోల్‌లో మడమకు గుంట, పాదం మధ్య వంపుకు ఆసరా, పుండు పడే చోట పల్లం ఉంటాయి.

లాస్టు అంటే పాదానికి నకలు అనుకోవద్దు. పాదం మెత్తగా ఉంటుంది, నడిచేటప్పుడు ముందుకు జారుతుంది, సాయంత్రానికి కొంచెం ఉబ్బుతుంది. లాస్టు గట్టిది. అందుకే పాదం పొడవుకు వేళ్ల ముందు కొంత ఖాళీ కలపాలి, మామూలుగా 10 నుంచి 15 మి.మీ. మడమ ఎత్తు ఎంతో, వేళ్ల కొన ఎంత పైకి లేవాలో కూడా లాస్టులోనే ఉంటుంది. పాదాన్ని స్కాన్ చేసి ఉన్నదున్నట్టు అచ్చు తీసి దాని మీద బూటు కడితే, ఆ బూటు కాలికి ఎక్కదు.

రెడీమేడ్ సైజు ఎందుకు చాలడం లేదు?

ఒక లెక్క చూడండి. ఒకరి పాదం పొడవు 252 మి.మీ. అనుకుందాం. దానికి 14 మి.మీ. ఖాళీ కలిపితే లాస్టు పొడవు 266 మి.మీ. యూరప్ పద్ధతిలో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ తేడా 6.67 మి.మీ. కాబట్టి 266ని 6.67తో భాగిస్తే దాదాపు 40 వస్తుంది. ఆయనది 40 సైజు.

ఇప్పుడు చుట్టుకొలత చూద్దాం. బొటనవేలి మొదటి కణుపు, చిటికెనవేలి మొదటి కణుపు కలిపి పాదం చుట్టూ తీసే కొలతను బాల్ చుట్టుకొలత అంటారు. దుకాణంలోని 40 సైజు అచ్చుకు ఆ కొలత 240 మి.మీ., ఈయన పాదానికి సరిపోయేది 255 మి.మీ. అనుకోండి. సైజుకు 5 మి.మీ. చొప్పున పెరిగే అచ్చుల్లో ఆ 15 మి.మీ. కోసం ఆయన మూడు సైజులు పైకి వెళ్లాలి. అంటే 43. వెడల్పు సరిపోయింది గానీ పొడవు 20 మి.మీ. ఎక్కువైంది. పాదం లోపల ముందుకూ వెనక్కూ జారుతుంది, మడమ ఒరుసుకుంటుంది. స్పర్శ ఉన్నవాళ్లు నాలుగు రోజుల్లో ఆ చెప్పు పక్కన పడేస్తారు. స్పర్శ లేనివాళ్లు వేసుకునే తిరుగుతారు.

చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ, అంటే సీఎల్ఆర్ఐ, దేశవ్యాప్తంగా లక్షకు పైగా మంది పాదాలను 3డి స్కానర్లతో కొలిచింది. మన పాదాలు సాధారణంగా వెడల్పుగా ఉంటాయని ఆ సర్వేలో తేలింది. భారతీయులకు సొంత సైజుల పద్ధతి కావాలన్న ప్రతిపాదన దాని ఆధారంగానే వచ్చింది.

1వ మెట్టు: కొలత

కంప్యూటర్ ఎంత మంచిదైనా మీరిచ్చిన కొలతనే నమ్ముతుంది. కాబట్టి ముందు టేపు, పెన్సిలు, తెల్ల కాగితం దగ్గరే జాగ్రత్త పడాలి.

• ముందు పాదం అడుగు భాగం, వేళ్ల సందులు చూడండి. పుండు, చీము, ఎర్రని వాపు, కొత్తగా వేడి కనిపిస్తే కొలవద్దు. డాక్టర్ దగ్గరకు పంపండి.
• కొలత సాయంత్రం తీయండి. రోజంతా నడిచిన పాదం కొంచెం పెద్దదై ఉంటుంది.
• మనిషిని నిలబెట్టి, రెండు కాళ్ల మీద బరువు సమానంగా పడేలా చూడండి. పెన్సిలు నిట్టనిలువుగా పట్టుకుని గీయండి. లోపలికి వంగితే పాదం సన్నగా, బయటికి వంగితే లావుగా వస్తుంది.
• రెండు పాదాలూ విడివిడిగా కొలవండి. ఒకటి కొలిచి రెండోదీ అంతే అనుకోవద్దు.
• రాసుకోవాల్సినవి: పొడవు, బాల్ చుట్టుకొలత, పాదం మీద ఎత్తైన చోట చుట్టుకొలత, మడమ నుంచి చీలమండ వంపు మీదుగా చుట్టుకొలత.
• సాక్స్ వేసుకునే అలవాటుంటే సాక్స్‌తోనే టేపు చుట్టండి.

2వ మెట్టు: పాదం కంప్యూటర్‌లోకి

ఇందుకు మూడు దారులున్నాయి. మెత్తని ఫోమ్ పెట్టెలో పాదం నొక్కి ముద్ర తీయడం ఒకటి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోత తీయడం రెండోది. ఫోన్‌తో పాదం చుట్టూ ఫొటోలు తీసి, వాటిని కలిపి 3డి ఆకారం చేసే యాప్ వాడటం మూడోది. మొదటి రెండు దారుల్లో వచ్చిన ముద్రను కూడా తర్వాత ఫోన్‌తోనే స్కాన్ చేయొచ్చు. పాదం కదులుతుంది, ముద్ర కదలదు. అందుకే కొత్తవాళ్లకు ముద్ర తీసి స్కాన్ చేయడమే తేలిక.

ఫోన్ స్కాన్‌లో పెద్ద చిక్కు కొలతే. ఆకారం బాగానే వస్తుంది గానీ సైజు తప్పుతుంది. అందుకే పక్కన ఒక ఏ4 కాగితం పెట్టి స్కాన్ చేయండి. ఏ4 పొడవు 297 మి.మీ., వెడల్పు 210 మి.మీ. కంప్యూటర్‌లో ఆ కాగితం 297 చూపిస్తోందా అని కొలవండి. 285 చూపిస్తే పాదం కూడా అంత మేరకు చిన్నదైనట్టే. మొత్తం మోడల్‌ను 297కి సరిపోయేలా పెంచండి. తర్వాత మీరు టేపుతో తీసిన పాదం పొడవుతో మళ్లీ సరిచూసుకోండి. రెండూ కలిసేదాకా ముందుకు వెళ్లొద్దు.

ఇంకో మాట. ఎస్‌టీఎల్ అనే ఫైలు రకంలో అంకెలు మాత్రమే ఉంటాయి. అవి మిల్లీమీటర్లా, అంగుళాలా అన్నది ఫైలు చెప్పదు. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి వెళ్లినప్పుడు పాదం ఒక్కసారిగా 25.4 రెట్లు పెద్దదో చిన్నదో అయిందంటే కారణం ఇదే. ఫైలు తెరిచిన ప్రతిసారీ పొడవు కొలవడం అలవాటు చేసుకోండి.

సాఫ్ట్‌వేర్ కోసం మొదట్లోనే డబ్బు పెట్టక్కర్లేదు. స్కాన్ శుభ్రం చేయడానికి మెష్‌ల్యాబ్, ఆకారం మలచడానికి బ్లెండర్, కచ్చితమైన కొలతల భాగాలకు ఫ్రీక్యాడ్ ఉన్నాయి. మూడూ ఉచితం. పాదరక్షల కంపెనీలు రైనో, షూమాస్టర్, క్రిస్పిన్ లాంటి ఖరీదైనవి వాడతాయి. పని పెరిగాక ఆలోచించొచ్చు. మెష్‌ల్యాబ్‌లో నేల, కాగితం లాంటి అనవసర భాగాలు తీసేసి, రంధ్రాలు పూడ్చి, పాదాన్ని సరిగ్గా నిలబెట్టండి.

3వ మెట్టు: ఇన్‌సోల్ తయారీ

కొత్తవాళ్లు లాస్టు జోలికి పోకుండా ఇన్‌సోల్‌తో మొదలుపెట్టడం మంచిది. పని చిన్నది, ఖర్చు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ.

బ్లెండర్‌లో పాదం గీత ప్రకారం ఒక మందపాటి దిమ్మ తయారుచేయండి. పాదం మోడల్‌ను పై నుంచి ఆ దిమ్మలోకి దించండి. బూలియన్ అనే ఆదేశంతో దిమ్మలోంచి పాదాన్ని తీసివేస్తే, పాదం అడుగు ఆకారం దిమ్మలో గుంటలా మిగులుతుంది. పాదాన్ని ఎంత లోతుకు దించారో మడమ గుంట అంత లోతు వస్తుంది. తర్వాత స్మూత్ బ్రష్‌తో గరుకులు, వేళ్ల మధ్య గట్లు తీసేయండి. వేళ్లకు విడివిడిగా గుంతలు ఉంచొద్దు. నడిచేటప్పుడు పాదం కొంచెం జరిగితే ఆ గట్లే గుచ్చుకుంటాయి.

ఇక ఒత్తిడి సంగతి. వేళ్ల వెనక ఎముకల కొనల కింద ఒత్తిడి ఎక్కువగా పడుతుంది. అక్కడ తగ్గించడానికి ఎముకల కొనలకు కాస్త వెనగ్గా చిన్న ఎత్తు ఇస్తారు. ఆ ఎత్తు సరిగ్గా కొనల కిందికే వస్తే మేలు పోయి కీడు జరుగుతుంది. అందుకే పాదం మీద ఆ చోట్లను లిప్‌స్టిక్‌తోనో స్కెచ్ పెన్‌తోనో గుర్తుపెట్టి కాగితం మీద ముద్ర తీసుకోండి. కంప్యూటర్‌లో ఆ ముద్ర చూసుకుంటూ చోటు నిర్ణయించండి.

షుగర్, కుష్ఠు పాదాల విషయంలో ఎక్కడ పల్లం ఇవ్వాలి, ఎక్కడ ఎత్తు ఇవ్వాలి అన్నది డాక్టరో, ఫిజియోథెరపిస్టో, కృత్రిమ అవయవాల నిపుణుడో చెప్పాలి. వాళ్లు రాసిచ్చిన చీటీని ఫోన్‌లో ఫొటో తీసి ఫైలుతో పాటు ఉంచండి. మీ అనుభవంతో ఊహించి చేయొద్దు. మీరు మంచి పనివాళ్లే, కానీ ఇక్కడ చిన్న తేడా వస్తే పోయేది ఒక మనిషి కాలు.

4వ మెట్టు: లాస్టు

లాస్టును మొదటి నుంచీ గీయక్కర్లేదు. మీ దగ్గరున్న మంచి చెక్క లాస్టులను స్కాన్ చేసి ఫైళ్లుగా పెట్టుకోండి. తాతల నాటి అచ్చులుంటే పారేయొద్దు, అవే మీ పెట్టుబడి. కొత్త పాదం వచ్చినప్పుడు దానికి దగ్గరగా ఉన్న లాస్టు ఫైలు తెరిచి మార్చుకుంటారు.

మార్చేటప్పుడు మొత్తాన్ని ఒకేసారి పెంచడం సరికాదు. అలా చేస్తే పొడవుతో పాటు మడమ ఎత్తు కూడా పెరిగి, మీ దగ్గరున్న మడమ అట్టలు సరిపోవు. ముందు పొడవు సరిచేయండి. తర్వాత లాటిస్ అనే పంజరం లాంటి సాధనంతో బాల్ దగ్గర, పైభాగం దగ్గర విడివిడిగా చుట్టుకొలత పెంచండి. పెంచిన ప్రతిసారీ కొలిచి చూడండి.

తర్వాత ఇన్‌సోల్ మందం. మీరు చేసిన ఇన్‌సోల్ 6 మి.మీ. మందం ఉంటే, బూటులో అంత చోటు లాస్టే ఇవ్వాలి. లాస్టు అడుగున ఆ మందం కలపకుండా బూటు కట్టి లోపల ఇన్‌సోల్ పెడితే, పాదం పైకి లేచి వేళ్ల మీద తోలు ఒత్తుకుంటుంది. కింద పుండు పడకుండా చేయబోయి పైన పుండు తెచ్చినట్టవుతుంది. కాబట్టి ఇన్‌సోల్, లాస్టు రెండూ ఒకే ఫైలులో పక్కపక్కనే ఉంచి చేయండి.

రెండు పాదాలూ దాదాపు ఒకేలా ఉంటేనే ఎడమదాన్ని తిప్పి కుడిది చేసుకోవచ్చు. లేకపోతే రెండింటికీ వేర్వేరు ఫైళ్లు ఉండాల్సిందే.

5వ మెట్టు: ఫైలు నుంచి వస్తువు

3డి ప్రింటర్ సొంతంగా కొనక్కర్లేదు. ఫైలు ఇస్తే కూలికి ప్రింట్ తీసిచ్చేవాళ్లు పట్టణాల్లో ఉన్నారు. ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల్లోనూ అడిగి చూడండి.

• లాస్టుకు పీఎల్ఏ అనే ప్లాస్టిక్ చవక. కానీ సుమారు 60 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. దాని మీద బూటు పెట్టి హీటర్ దగ్గరో, మండుటెండలోనో ఆరబెట్టొద్దు.
• పీఎల్ఏ లాస్టుకు మేకులు కొడితే పగులుతుంది. బంకతో అతికించే పద్ధతి వాడండి. మేకులు తప్పవంటే చెక్క లాస్టు వాడాలి.
• మూసి ఉండే బూటులోంచి ఒకే ముక్క లాస్టు బయటికి రాదు. పైభాగాన్ని కంప్యూటర్‌లోనే ఏటవాలుగా రెండు ముక్కలు చేసి, బోల్టుతో బిగించేలా రంధ్రం పెట్టండి.
• ఇన్‌సోల్‌ను టీపీయూ అనే సాగే ప్లాస్టిక్‌తో ప్రింట్ తీయొచ్చు. ఈవీఏ దిమ్మను యంత్రంతో చెక్కించొచ్చు. ప్రింట్ తీసిన అచ్చు మీద వేడిచేసిన ఈవీఏ షీటు నొక్కి మలచాలంటే మాత్రం ఆ వేడికి తట్టుకునే అచ్చు కావాలి, పీఎల్ఏ పనికిరాదు. ఏ దారిలో చేసినా పాదానికి తగిలే పొర మెత్తగా, అతుకులు లేకుండా ఉండాలి.

స్పర్శ లేని పాదాలకు చేసే చెప్పుకు మూడు షరతులు మరవొద్దు. అడుగున ఒక్క మేకు కూడా ఉండకూడదు. బొటనవేలి సందులోంచి వచ్చే పట్టీ ఉండకూడదు. వెనక మడమ పట్టీ తప్పక ఉండాలి. పట్టీ లేకపోతే చెప్పు జారిపోతుంది, జారిన సంగతి వాళ్లకు తెలియదు.

6వ మెట్టు: తొడిగి చూడడం

ఎలా ఉందండీ అని అడిగితే స్పర్శ లేనివాళ్లు బాగుందనే అంటారు. ఆ మాట మీద ఆధారపడొద్దు. మీ ఎదుటే కాసేపు నడిపించి, చెప్పు విప్పించి పాదం చూడండి. ఎర్రబడిన మచ్చ ఉండి, అది అరగంటకైనా పోకపోతే ఆ చోట ఒత్తిడి ఉన్నట్టే. ఇన్‌సోల్ సరిచేయాలి. మొదటి రోజు గంట, తర్వాత రోజుకు కొంచెం కొంచెం పెంచుతూ వేసుకోమనండి. ఇంటికెళ్లాక రోజూ రాత్రి పాదం అడుగు చూసుకోమని చెప్పండి. చూసుకోలేని పెద్దవాళ్లయితే ఇంట్లోవాళ్లకు చెప్పండి.

మెత్త కొన్ని నెలలకు అణిగిపోతుంది. అప్పుడు ఫైలు తీసి, పాదం మళ్లీ కొలిచి, కొత్త ఇన్‌సోల్ ఇవ్వండి. మీకు మళ్లీ మళ్లీ వచ్చే పని ఇదే.

ప్రభుత్వం ఏమిస్తుంది?

పీఎం విశ్వకర్మ 2023 సెప్టెంబరు 17న మొదలైంది. ఇందులో 18 చేతివృత్తులున్నాయి. చర్మకారులు, పాదరక్షలు తయారుచేసేవారు అందులో ఒకటి.

• గుర్తింపు: ధ్రువపత్రం, గుర్తింపు కార్డు.
• శిక్షణ: 5 నుంచి 7 రోజుల బేసిక్ శిక్షణ. కావాలనుకుంటే 15 రోజులు, ఆపైన అడ్వాన్స్‌డ్ శిక్షణ. శిక్షణ రోజుల్లో రోజుకు రూ.500 భృతి.
• పనిముట్లు: రూ.15,000 విలువ వరకు.
• రుణం: హామీ లేకుండా మొదటి విడత రూ.1 లక్ష వరకు, 18 నెలల్లో కట్టాలి. రెండో విడత రూ.2 లక్షల వరకు, 30 నెలల్లో కట్టాలి. మీరు కట్టే వడ్డీ 5 శాతం. మిగతా వడ్డీలో 8 శాతం వరకు కేంద్రం భరిస్తుంది.
• డిజిటల్ చెల్లింపులకు ఒక్కో లావాదేవీకి రూ.1, నెలకు 100 లావాదేవీల వరకు.

మొదటి విడత రుణానికి బేసిక్ శిక్షణ పూర్తిచేసి ఉండాలి. మొదటి విడత సక్రమంగా కడుతూ, డిజిటల్ చెల్లింపులు వాడుతున్నవారికి లేదా అడ్వాన్స్‌డ్ శిక్షణ తీసుకున్నవారికి రెండో విడత ఇస్తారు.

ఉన్న మాట చెప్పుకుందాం. బేసిక్ శిక్షణ ముగిసేసరికి క్యాడ్ వచ్చేస్తుందని అనుకోవద్దు. రూ.15,000 పనిముట్ల సాయంతో స్కానర్, ప్రింటర్ రావు. అది కుట్టు పనిముట్లకు సరిపోతుంది. ల్యాప్‌టాప్ లాంటివి రుణంతోనే కొనుక్కోవాలి. క్యాడ్‌ను లోతుగా నేర్చుకోవాలంటే హైదరాబాద్ రాయదుర్గంలోని ఎఫ్‌డీడీఐ, చెన్నై గిండీలోని సీఎఫ్‌టీఐ పాదరక్షల రంగానికే ప్రత్యేకమైన సంస్థలు. స్వల్పకాల కోర్సులు ఎప్పుడున్నాయో ఫీజు ఎంతో అక్కడే అడిగి తెలుసుకోండి.

ఎవరు అర్హులు?

• నమోదు నాటికి 18 ఏళ్లు నిండి ఉండాలి.
• చేతులతో, పనిముట్లతో సొంతంగా ఈ పని చేస్తుండాలి.
• కుటుంబంలో ఒక్కరికే లబ్ధి. కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు.
• ప్రభుత్వ ఉద్యోగులు, వారి కుటుంబ సభ్యులు అర్హులు కారు.
• గత ఐదేళ్లలో పీఎంఈజీపీ లాంటి స్వయం ఉపాధి రుణం తీసుకుని ఉండకూడదు. ముద్ర, పీఎం స్వనిధి రుణాలు పూర్తిగా తీర్చేసినవారికి మినహాయింపు ఉంది.

దరఖాస్తు ఎలా?

ఆధార్ కార్డు, ఆధార్‌తో కలిపిన మొబైల్, బ్యాంకు పాసు పుస్తకం, రేషన్ కార్డు తీసుకుని దగ్గరలోని సీఎస్‌సీ కేంద్రానికి వెళ్లండి. వేలిముద్రతో నమోదు చేస్తారు. ప్రస్తుతం మీ వృత్తికి నమోదు తెరిచి ఉందో లేదో అక్కడ ముందే కనుక్కోండి. దరఖాస్తు మూడు దశల్లో పరిశీలనకు వెళ్తుంది: గ్రామ పంచాయతీ లేదా పురపాలక సంస్థ, జిల్లా అమలు కమిటీ, ఆపైన స్క్రీనింగ్ కమిటీ. సందేహాలకు ఉచిత ఫోన్ నంబరు 1800 267 7777.

నమోదుకు మీరు ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. రుణం ఇప్పిస్తాం, కమీషన్ ఇవ్వండి అనేవాళ్లను నమ్మొద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

రుణం తీసుకునే ముందు ఈ లెక్క వేసుకోండి

రూ.1 లక్ష, 5 శాతం వడ్డీ, 18 నెలలు అంటే నెల వాయిదా సుమారు రూ.5,780. మొత్తం మీద వడ్డీ దాదాపు రూ.4,000. వడ్డీ తక్కువే, కానీ వాయిదా మాత్రం ప్రతి నెలా కట్టాలి. జతకు ఖర్చులు పోను మీకు రూ.300 మిగులుతుందనుకుంటే, వాయిదాకే నెలకు 20 జతలు పోవాలి. ఇంటి ఖర్చు ఆ పైన. కాబట్టి ముందు పెద్ద యంత్రం కొనొద్దు. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నేర్చుకుని, ప్రింట్ బయట కూలికి తీయించుకుని, నాలుగైదు జతలు చేసి చూడండి. అడిగేవాళ్లు ఉన్నారని తేలాక రుణానికి వెళ్లండి.

తరచూ అడిగే ప్రశ్నలు

నాకు చదువు లేదు. కంప్యూటర్ పని నేను చేయగలనా?
కొలత, తోలు పని మీరు చేయండి. ల్యాప్‌టాప్ పని ఇంట్లో ఇంటరో డిప్లొమానో చదివిన పిల్లలు నేర్చుకోవచ్చు. అచ్చు ఎక్కడ బిగువో ఎక్కడ వదులో వాళ్ల పక్కన కూర్చుని మీరు చెప్పాలి. ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

నాకు ఎన్టీఆర్ భరోసా కింద చర్మకారుల పింఛను రూ.4,000 వస్తోంది. ఇది తీసుకుంటే అది పోతుందా?
పీఎం విశ్వకర్మ అర్హత నిబంధనల్లో పింఛను అడ్డంకిగా లేదు. పింఛను వైపు సందేహం ఉంటే మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడగండి.

షుగర్ చెప్పు అని బోర్డు పెట్టుకోవచ్చా?
కొలతకు తగ్గ చెప్పులు చేస్తామని పెట్టండి. పుండు మానుతుందని, జబ్బు తగ్గుతుందని రాయొద్దు. మానేలా చూడటం డాక్టర్ పని.

పాదాల ఫైళ్లు ఎలా దాచుకోవాలి?
మనిషి పేరు బదులు నంబరు పెట్టండి. ఏ నంబరు ఎవరిదో వేరే పుస్తకంలో రాసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంచండి. ఎవరి పాదం ఫైలునూ వాళ్ల అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వొద్దు.

ఈ వారం చేయాల్సినవి

1. సీఎస్‌సీకి వెళ్లి నమోదు సంగతి కనుక్కోండి.
2. ఇంట్లో ఒకరి పాదాలు రెండూ పైన చెప్పినట్టు కొలిచి కాగితం మీద రాయండి.
3. తెలిసినవాళ్ల ల్యాప్‌టాప్‌లో మెష్‌ల్యాబ్, బ్లెండర్ వేయించండి.
4. పాత లాస్టు ఒకటి ఏ4 కాగితం పక్కన పెట్టి ఫోన్‌తో స్కాన్ చేసి, కాగితం 297 చూపిస్తోందో లేదో చూడండి.
5. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో షుగర్ రోగులను చూసే డాక్టరును కలిసి, మీరు ఏం చేయగలరో చెప్పండి. చీటీ రాసి పంపేది వాళ్లే.

మీకు తెలిసిన చర్మకారులకు, ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లున్న కుటుంబాలకు ఈ పీడీఎఫ్ పంపండి.